ఐదో వారం బరువులు ఎందుకు తగ్గాయి

నవంబరు 3, సోమవారం

ఉదయం 9.40కి జోడీ తన గదిలోకి పిలిచి కాగితం చేతికిచ్చింది. డిసెంబరు 12 సాయంత్రం అయిదులోగా కసరత్తు కోచ్‌గా రెండో స్థాయి గుర్తింపు చూపించకపోతే డ్రోవర్స్ రగ్బీ క్లబ్బు జిమ్‌లో నాకు ఉద్యోగం ఉండదు. లీగ్ కొత్త నిబంధన. మొదటి జట్టు ఆటగాళ్లతో కసరత్తు చేయించే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. నాకున్నది మొదటి స్థాయి. పదహారేళ్లుగా అదే.

జోడీ క్లబ్బు మేనేజరు. ఇలాంటి కాగితాలు ఇచ్చేటప్పుడు కిటికీ వైపు చూస్తుంది.

"ఇది నా నిర్ణయం కాదు కెరిన్."

"తెలుసు."

"నలభై రోజులు ఉన్నాయి కదా."

"ముప్పై తొమ్మిది."

"ఇన్నేళ్లూ ఎందుకు చేయలేదు నువ్వు?"

2014లో రాత పరీక్ష వారంలో జ్వరం వచ్చిందని చెప్పాను. 2018లో సీజను మధ్యలో పడిందని చెప్పాను.

గుర్తింపు ఇచ్చే కోచ్‌ల సంఘానికి కావలసినవి: రాత పరీక్ష. పర్యవేక్షణలో ఆరువందల గంటలు పనిచేసినట్టు సంతకాలు. నేను సొంతంగా రాసిన శిక్షణ ప్రణాళిక, అది నాదేనని రుజువు. ప్రథమ చికిత్స పత్రం. పిల్లలతో పనిచేయడానికి ప్రభుత్వ అనుమతి కార్డు. మా జట్టులో అందరికన్నా చిన్న పిల్లాడు నూట ఎనిమిది కిలోలు.

మా ఆయన డెస్ ఎల్లుండి గనికి వెళ్తాడు, వారం షిఫ్టుకి. వెళ్లే ముందు చెప్పడం ఎందుకు. వచ్చాక చెబుతాను.

నవంబరు 4

ప్రథమ చికిత్స పత్రం గడువు ఏప్రిల్‌లోనే అయిపోయింది.

నవంబరు 6, గురువారం

రిటైరయిన మా పెద్ద కసరత్తు కోచ్ వారెన్ స్థానంలో వచ్చినతను ఈ రోజు ఆటగాళ్లకు పరిచయమయ్యాడు. డాక్టర్ హేమిష్ ట్రాంటర్, ఇరవై తొమ్మిదేళ్లు, బ్రిస్బేన్ నుంచి. వారెన్ ఇరవై రెండేళ్లు చేసిన ఉద్యోగం అది.

సెమీసి లాటు చెయ్యెత్తాడు. "డాక్టర్, నా మోకాలు చూస్తారా?"

"నేను ఆ డాక్టర్ని కాదు."

"మరి ఏ డాక్టరు?"

"పరుగు మీద పరిశోధన చేశాను."

"పరిగెత్తినందుకు డాక్టర్ పట్టా ఇస్తారా? ఆంటీ, పదేళ్ల నుంచి నన్ను ఊరికే పరిగెత్తించావు కదా!"

టోంగా దీవుల కుర్రాళ్లందరికీ నేను ఆంటీనే. ఆంటీ చెబితే వింటారు. అది ఏ స్థాయి గుర్తింపులోకి వస్తుందో తెలియదు.

తర్వాత ట్రాంటర్ తెర మీద పాఠం పెట్టాడు. పేరు 'ప్లూమ్‌రిడ్జ్ పద్ధతి'. ప్లూమ్‌రిడ్జ్ అంటే వారెన్. తొడ వెనక కండరాలు చిరగకుండా కాపాడే శిక్షణ. ట్రాంటర్ థీసిస్ దాని మీదే, ఇక్కడికి రావడానికి కారణం కూడా అదేనట. నాకు ఆ పట్టిక తెలుసు. మూడో గడి మిగతావాటికన్నా వెడల్పుగా ఉంటుంది. 2013లో టైపు చేస్తున్నప్పుడు పొరపాటున లాగి అలాగే వదిలేశాను. థీసిస్‌లోనూ అదే వెడల్పుతో అచ్చయింది.

"కెరిన్, మీకు ఇది కొంచెం కొత్తగా ఉండొచ్చు. అర్థం కాకపోతే ఆపి అడగండి," అన్నాడు.

అడగలేదు.

నవంబరు 8, శనివారం

క్లబ్బు కంప్యూటరు నుంచి నా ప్రణాళికలు బయటికి తీశాను. 2012 నుంచి 1,140 ఫైళ్లు. 'రాసినవారు' అన్న చోట అన్నింటికీ ఒకటే పేరు: వారెన్ ప్లూమ్‌రిడ్జ్.

ఆ సాఫ్ట్‌వేర్‌ను క్లబ్బు ఒక్కరి పేరు మీదే కొంది. పాస్‌వర్డ్ వారెన్ పడవ పేరు. అందరం దానితోనే లోపలికి వెళ్లేవాళ్లం: నేను, ఫిజియో, ఒకసారి మైదానం గడ్డి కోసే ఆయన కూడా. వారెన్ మాత్రం వెళ్లేవాడు కాదు. టైపు చేయడమంటే ఆయనకు చిరాకు. పదమూడేళ్లలో నేను రాసిన ప్రతి లైనూ ఆయనదిగా ఉంది.

పెద్ద క్లబ్బుల్లో కూడా ఇలాగే చేస్తారు. అంతటా ఒకటే పాస్‌వర్డ్, గోడకు అంటించిన చీటీ మీద. ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవలసిన రోజు వచ్చేదాకా.

నవంబరు 11, మంగళవారం

డిగ్రీ ఉంటే దారి దగ్గరవుతుందని విశ్వవిద్యాలయానికి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఒకమ్మాయి పలికింది.

"పదహారేళ్ల అనుభవమా! దానికి తప్పకుండా మినహాయింపు ఉంటుందండీ."

"ఎంత?"

"ఒక పేపరు."

"ఏ పేపరు?"

"జిమ్ పరిచయం."

నవంబరు 13

నిన్న డెస్ వచ్చాడు. పడుకున్నాడు. లేపి చెప్పేంత విషయం కాదు.

గంటల పుస్తకంలో సంతకం పెట్టమని ట్రాంటర్‌ని అడిగాను. తను చూసిన గంటలకే పెడతానన్నాడు. ఎన్ని చూశావని అడిగితే తన చిన్న నోటుబుక్కు తీసి కూడాడు. పందొమ్మిది. అందులో అరగంట నేను అల్పాహారం తిన్నానని కొట్టేశాడు.

తప్పు పట్టడానికి లేదు. నిజంగానే తిన్నాను.

నవంబరు 16, ఆదివారం

వారెన్ ఉండే సముద్రతీరపు ఊరు యెప్పూన్ వెళ్లాను. వారెన్ ఇంటి ముందు పడవ కడుగుతున్నాడు. పండుగప్ప చేపల వేట నిషేధం కదా, ఫిబ్రవరి దాకా ఆయనకు పడవతో ఉన్న పని కడగడమే.

"రా కెరిన్! నా కుడిభుజానివి నువ్విక్కడుంటే ఆ డాక్టరు అక్కడ ఎలా నెట్టుకొస్తున్నాడు?"

"మీ పద్ధతి నాకు నేర్పుతున్నాడు."

నవ్వాడు. గొట్టంలో నీళ్లు చెప్పుల మీద పడుతున్నా నవ్వుతూనే ఉన్నాడు. నేను నవ్వడం లేదని చూసి ఆపాడు.

"సరే, ఏం కావాలి?"

"ప్రణాళిక నేను రాశానని రెండు ముక్కలు రాసివ్వండి."

"నువ్వు టైపు చేశావు."

"మీరేం చేశారు?"

"ఆలోచించాను."

"ఎప్పుడు?"

"అదేం ప్రశ్న? కోచ్ అన్నవాడు ఎప్పుడూ ఆలోచిస్తూనే ఉంటాడు. పడవలో కూడా."

2017లో ఆ ప్రణాళిక చూపించే ఆయన అన్నిటికన్నా పై స్థాయి గుర్తింపు తెచ్చుకున్నాడు. మార్చిలో గోల్డ్‌కోస్ట్‌లో కోచ్‌ల సదస్సు ఉంది. దాని గురించే ప్రసంగం. నాదని రాసిస్తే రెండూ పోతాయి. అది ఇద్దరికీ తెలుసు.

"అరవై ఎనిమిదేళ్లు నాకు. ఈ వయసులో నన్ను పరీక్షకు కూర్చోబెడతావా?"

"నన్ను కూర్చోబెట్టారు."

"నీకు నలభై నాలుగేగా."

ఏదో ఒకటి రాసి పంపుతానన్నాడు. వచ్చేటప్పుడు రెండు అనాసపళ్లు ఇచ్చాడు. తీసుకున్నాను.

ఎక్కడికి వెళ్లావని డెస్ అడిగాడు. అనాసపళ్లకని చెప్పాను.

నవంబరు 20

రాత పరీక్ష. 63. పాసుకు 60.

నిన్న డెస్ మళ్లీ గనికి వెళ్లాడు. ఫోన్ చేసి చెప్పొచ్చు. చెబితే దేనికి పరీక్ష అంటాడు.

నవంబరు 21

2014లో జ్వరం రాలేదు. 41 వచ్చాయి.

నవంబరు 24, సోమవారం

వారెన్ కవరు వచ్చింది. "కెరిన్ మోసప్ నా పర్యవేక్షణలో శిక్షణ ప్రణాళికల తయారీకి ఉత్సాహంగా సహకరించారు." ఒకటే వాక్యం.

నేను ఇచ్చివచ్చిన గంటల పుస్తకంలో ముప్పై పేజీలకూ కింద సంతకం పెట్టాడు. పైన ఖాళీ. 'నువ్వే నింపుకో' అని పసుపు చీటీ. క్లబ్బు క్యాలెండరు పక్కన పెట్టుకుని, వారెన్ ఉన్న రోజులు మాత్రం తీసుకుని నింపాను. ఈ ఏడాదివే 611 గంటలు వచ్చాయి. 600 దగ్గర ఆపాను. నిజం గంటలే. సంతకం ముందు, గంటలు తర్వాత. ఈ పనిలో అలాగే జరుగుతుంది.

సంఘం వెబ్‌సైట్ ఆ పేజీలను మూడుసార్లు తిప్పికొట్టింది. ఫైలు పెద్దదట. నాలుగోసారి తీసుకుంది. తీసుకుని నా పేరు మెరిన్ కోసప్ అని చూపించింది.

నవంబరు 26, బుధవారం

ఉదయం 5.30 కసరత్తు. అప్పటికే 27 డిగ్రీలు. క్రిస్మస్ తర్వాత ఎనిమిది వారాల ప్రణాళికను ట్రాంటర్ గోడకు అంటిస్తున్నాడు. సెమీసి నీళ్ల సీసాతో వచ్చి పైనుంచి కిందికి వేలితో చదివాడు.

"ఆంటీ, చేపల వారం ఈసారి ఉందా? వారెన్‌తోపాటు అదీ రిటైరయిందా?"

ట్రాంటర్ తిరిగాడు. "ఏ వారం?"

"అదే డాక్టర్, ఫిబ్రవరిలో. బరువులుండవు. పరుగులు, గెంతులు. ఇదిగో, ఐదో వారం."

"దానికీ చేపలకీ ఏమిటి సంబంధం?"

సెమీసి నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"ఆంటీని అడగండి డాక్టర్. నాకు మోకాలు నొప్పి." కుంటుకుంటూ వెళ్లిపోయాడు. మొదట కుడికాలితో, తలుపు దాటాక ఎడమకాలితో.

ట్రాంటర్ థీసిస్‌లో నాలుగో అధ్యాయం మొత్తం ఐదో వారం గురించే: వారెన్ ఏ ఆలోచనతో బరువులు తగ్గించాడో.

నవంబరు 27, గురువారం

ట్రాంటర్‌కి చెప్పేశాను. మధ్యాహ్నం 1.15, జిమ్‌లో, తలుపు వేసి.

పండుగప్ప వేట నిషేధం ఫిబ్రవరి 1 మధ్యాహ్నం ఎత్తేస్తారు. వారెన్ ఏటా ఆ ముందురోజే బయలుదేరి ఎనిమిది రోజులు నది ఎగువన ఉండేవాడు. 2012లో ఇనుప ప్లేట్లు దొంగలెత్తుకుపోయాక పెద్ద బరువులన్నీ వెనక గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఒక్కటే. అది వారెన్ పడవ తాళాల గుత్తిలో ఉండేది.

2013 ఫిబ్రవరి 4 ఉదయం ముప్పై ఒక్క మంది ఆటగాళ్లు జిమ్‌లో నిలబడి ఉన్నారు. వారెన్ ఫోన్ అందలేదు. నా దగ్గరున్నవి ఇరవై కిలోల కడ్డీలు, రబ్బరు పట్టీలు, బయట మైదానం. అరగంటలో ఆ వారం రాశాను. చిన్న పరుగులు, వేగంగా. గెంతులు. తేలిక బరువులు. వారెన్ ఎండకు కమిలి తిరిగొచ్చాడు. ఏం చేయించావని అడగలేదు.

2012 సీజనులో తొడ వెనక కండరాల గాయాలు పదకొండు. 2013లో నాలుగు. 2014లో మళ్లీ వారెన్ వేటకు వెళ్లాడు, మళ్లీ అదే వారం చేయించాను. అయిదు.

2015 జనవరిలో వారెన్ ఫిజియో బల్ల మీద బోర్లా పడుకుని ఉండగా గుత్తి తీసుకెళ్లి నాకొక తాళంచెవి చేయించుకున్నాను. ఫిబ్రవరిలో ఆయన వెళ్లాక ఆ గది తెరిచాను. బరువులన్నీ అక్కడే ఉన్నాయి. మళ్లీ తాళం వేసి, తేలిక వారమే చేయించాను. అప్పటినుంచి ఏటా అంతే.

ట్రాంటర్ అంతా విని చివర అడిగాడు.

"2015లో ఎందుకు వేశారు తాళం?"

"రెండేళ్లు పనిచేసింది. మూడో ఏడు చెడగొట్టడం ఇష్టంలేక."

"2013లో ఆయన తాళంచెవి ఇచ్చి వెళ్లుంటే?"

"బరువులు ఎత్తించేదాన్ని."

నోటుబుక్కు తీశాడు. ఏమీ రాయకుండా మూసేశాడు. "నాలుగో అధ్యాయం యాభై రెండు పేజీలు," అన్నాడు.

చదివానన్నాను. పద్నాలుగు చదివాను.

నవంబరు 28

ట్రాంటర్ ఈ రోజు నాతో మాట్లాడలేదు. ఆటగాళ్లతోనూ మాట్లాడలేదు. చెప్పకుండా ఉండాల్సింది.

డిసెంబరు 1, సోమవారం

సంఘం నుంచి మెయిల్. గంటలు, రాత పరీక్ష, కొత్తగా తీసుకున్న ప్రథమ చికిత్స పత్రం, అనుమతి కార్డు ఒప్పుకున్నారు. ప్రణాళిక ఒప్పుకోలేదు: 'సహకరించారు' అంటే రాసినట్టు కాదట. దాని బదులు మౌఖిక పరీక్ష. ముగ్గురు పరీక్షకులు 11వ తేదీ గురువారం ఉదయం 6.30కి ఇక్కడి జిమ్‌కే వస్తారు. మొదటి ప్రశ్న ముందే పంపారు, దానికి రెండు పేజీల జవాబు 9వ తేదీ సాయంత్రం అయిదులోగా చేరాలి. ఆ జవాబు మీదే అడుగుతారు. నూటికి నలభై మార్కులు దానికే.

ప్రశ్న: "ప్లూమ్‌రిడ్జ్ పద్ధతిలో ఐదో వారం బరువులు ఎందుకు తగ్గాయి? ప్రణాళిక రాసినప్పటి ఉద్దేశం వివరించండి."

చదవాల్సిన పుస్తకాల జాబితాలో ఒక్కటే ఉంది. ట్రాంటర్, నాలుగో అధ్యాయం.

మెయిల్ రెండుసార్లు చదివాను. ఎవరినైనా తిట్టాలనిపించింది, ఎవరిని తిట్టాలో తేలలేదు. వెళ్లి జిమ్ నేల తుడిచాను. అది నా పని కాదు.

డిసెంబరు 2, మంగళవారం

రేపు డెస్ వెళ్లిపోతాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పాను. జోడీ ఇచ్చిన కాగితం, గడువు, వారెన్, మౌఖిక పరీక్ష, అన్నీ.

"తెలుసు," అన్నాడు. తింటూనే ఉన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"జోడీ మొగుడిదీ నా షిఫ్టే. నవంబరు ఆరునే చెప్పాడు."

"మరి అడగలేదేం?"

"నువ్వు అనాసపళ్లంటివి. అడిగితే ఈసారి గుమ్మడికాయలంటావు."

పళ్లెం పక్కకు జరిపి, "ఆ 2014 పరీక్ష సంగతి కూడా తెలుసులే. మార్కుల కాగితం కారులో మర్చిపోయావు," అన్నాడు.

పదకొండేళ్లు. ఈ మనిషి పదకొండేళ్లు ఆ జ్వరం కథ వింటూ కూర్చున్నాడు.

డిసెంబరు 5, శుక్రవారం

ట్రాంటర్ మాట్లాడాడు. తను చూసిన గంటలకు సంతకం పెట్టి ఇచ్చాడు, ఎవరికీ అవసరం లేకపోయినా. డెబ్బై ఒకటిన్నర. అల్పాహారం అరగంట తిరిగి కలిపాడు.

"సంఘం వెబ్‌సైట్‌లో మార్కుల పట్టిక ఉంది, చూశారా?"

"చూశాను. నాలుగు కారణాలు. నాలుగూ నీ అధ్యాయంలోవే. అభ్యర్థి ఆ ఉద్దేశంతోనే రాసినట్టు చూపాలి, లేకపోతే సున్నా అని ఉంది."

"అవి తప్పు కారణాలు కావు కెరిన్. కండరం నిజంగా అలాగే కోలుకుంటుంది. కొలిచాను."

"తప్పని నేననలేదు. ఆ రోజు నా బుర్రలో అవి లేవు. తాళంచెవి ఉంది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొదటిసారి వయసు తక్కువవాడిలా కనిపించాడు.

"నా జవాబే రాయండి. గుర్తింపు తెచ్చుకోండి. అసలు సంగతి జనవరిలో మనిద్దరం కలిసి రాద్దాం, నా పేరు, మీ పేరు. అధ్యాయం తప్పని నేనే ఒప్పుకుంటాను."

"జనవరిలో అది రాస్తే, డిసెంబరులో నేను అబద్ధం రాసినట్టవుతుంది."

"డిసెంబరులో ఉద్యోగం పోతే జనవరిలో మీరు ఇక్కడ ఉండరు."

ఆలోచిస్తానన్నాను. మంచివాడే. దానివల్ల ఇంకా చికాకు.

డిసెంబరు 7

నాలుగు కారణాలూ నోటికి వచ్చేశాయి. సులభంగానే ఉన్నాయి. అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. రెండోసారికి నేనే నమ్మాను.

డిసెంబరు 8, సోమవారం

11.10కి వారెన్ ఫోన్.

"చేపల సంగతి డాక్టరుకి చెప్పావట."

"ఎవరన్నారు?"

"సెమీసి. పెళ్లిరోజు శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేసి అంతా కక్కేశాడు. కెరిన్, అది కాగితం మీద పెట్టకు. మార్చిలో నాలుగువందల మంది కోచ్‌ల ముందు నిలబడాలి నేను."

"'సహకరించారు' అన్న మాట మారుస్తారా?"

అటువైపు నీళ్ల గొట్టం కట్టేశాడు.

"'ఎంతో సహకరించారు' అని రాయనా?"

ఫోన్ పెట్టేశాను. పదహారేళ్లలో ఆయన ఫోన్ నేను ముందు పెట్టేయడం ఇదే మొదటిసారి.

డిసెంబరు 9, మంగళవారం

మధ్యాహ్నం రెండింటికి నాలుగు కారణాలతో రెండు పేజీలు పూర్తయ్యాయి. బాగున్నాయి. కింద సంతకం చేయడానికి ముందు, 'రాసినవారు' అన్న గడిలో నా పేరు టైపు చేయాలి. పదమూడేళ్లలో ఆ గడిలో నా పేరు పడడం ఇదే మొదలు. చేసి, పైనున్నదంతా మళ్లీ చదివాను. అది ట్రాంటర్ రాసింది.

తీసేశాను.

మూడున్నరకు మళ్లీ మొదలుపెట్టాను. "2013 ఫిబ్రవరి 4న పెద్ద బరువుల గది తాళంచెవి మా దగ్గర లేదు." తర్వాత ఆ అరగంట. తర్వాత ఏడాదివారీగా గాయాల సంఖ్య, 2012 నుంచి 2025 దాకా. పెరిగిన రెండేళ్లు కూడా వేశాను. తర్వాత 2015: తాళంచెవి చేయించుకున్నాను, గది తెరిచాను, మళ్లీ మూశాను, ఎందుకు మూశానో కూడా. చివర ఒక వాక్యం: శరీరంలో ఏం జరుగుతుందో డాక్టర్ ట్రాంటర్ తర్వాత కొలిచారు, అది నాకు ఆ రోజు తెలియదు.

ఒకటిన్నర పేజీ వచ్చింది. సాగదీయలేదు.

4.52కి పంపాను. మొదటిసారికే తీసుకుంది. ధన్యవాదాలు మెరిన్ అని జవాబు వచ్చింది.

పట్టిక ప్రకారం ఈ జవాబుకు సున్నా. మిగతా ప్రశ్నలకు అరవై. పాసుకు అరవై.

పంపిన కాగితం ట్రాంటర్‌కి చూపించాను. నిలబడే చదివాడు. 2019లో గాయాలు ఎందుకు పెరిగాయని అడిగాడు. ఆ ఏడు మైదానం గట్టిపడిందని చెప్పాను. రాసుకున్నాడు. గురువారం ఉదయం కసరత్తు నేను చేయించనా, మీరు పరీక్షకు సిద్ధం కావాలి కదా అన్నాడు. అక్కర్లేదన్నాను.

రేపు డెస్ వస్తాడు. గురువారం 5.30కి ఆటగాళ్లు, నాతో. 6.30కి ముగ్గురు పరీక్షకులు. మొదటి ప్రశ్నకు ఇరవై నిమిషాలు.